పడవ పొట్టు

"మిషను ఇంట్లో ఉండాలంటే ఆమె ఉండకూడదు. ఆమె ఉండాలంటే మిషను ఉండకూడదు" అన్నాడు నెల్లూరు డాక్టరు, పేరమ్మ ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని. ఊపిరితిత్తుల అడుగున పలచటి మబ్బులాంటిది కనిపించింది. ఏళ్ళ తరబడి పీల్చిన రంపపు పొట్టు చేసిన పని అది. ఆమె భర్త ముత్యాలయ్యకి ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

తిరుగు బస్సులో పేరమ్మే తేల్చేసింది. "నేను యాడికీ పోను మామా. నీ మిషనూ యాడికీ పోదు. పోతే తినేది ఏంది?" అని కిటికీ వైపు తిరిగి, దగ్గు వినబడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బస్సు అల్లూరు దాటి, వరి పొలాలు వదిలి, రొయ్యల గుంటల మధ్యకి వచ్చేసరికి ముత్యాలయ్య ఒక నిర్ణయానికి వచ్చాడు. మనిషీ ఉండాలి, మిషనూ ఉండాలి. ఆ రెంటి మధ్యా పొట్టు మాత్రం ఉండకూడదు.

వాళ్ళ పాళెంలో మగవాడంటే సముద్రం మీదికి పోయేవాడే. ముత్యాలయ్య పోలేకపోయాడు. కుర్రతనంలో తండ్రి పడవెక్కించిన ప్రతిసారీ, ఒడ్డు అలలు దాటకముందే వాంతులు. తండ్రి విసిగిపోయి ఒకనాడు దింపేసి పోయాడు. 'నేల ముత్యాలు' అనే పేరు అప్పుడు పడింది. కృష్ణపట్నం రేవు కట్టే రోజుల్లో కాంక్రీటు పోసే చెక్క అచ్చుల పనికి పోయి, హెన్రీ మేస్త్రి దగ్గర రంపం పట్టాడు. హెన్రీ మాట్లాడేది తక్కువ. అతుకులో గోరు దూరిందంటే చెక్క ఊడదీసి పక్కన పడేసి, మళ్ళీ చెయ్యమన్నట్టు చూసేవాడు. ఆ చూపు ముత్యాలయ్యకి అలవాటైపోయి, మేస్త్రి లేని చోట కూడా తన పనిని తానే అట్లా చూసుకోవడం మొదలుపెట్టాడు.

రేవు పని ముగిశాక పాళెం వచ్చి, ఇంటి గోడకి ఆనించి రేకుల షెడ్డు వేసి, బల్ల రంపం బిగించుకున్నాడు. ఇనప బల్ల, దాని కింద మోటారు, బల్ల మధ్య సందులోంచి సగం పైకి లేచి తిరిగే గుండ్రటి రంపం. తలుపులు, మంచాలు, రొయ్యల గుంటల వాళ్ళకి పెట్టెలు చేసేవాడు. పడవ పనికి మాత్రం పోలేదు. పలక చూస్తే అది ఏ చెట్టో, ఏ నేల మీద పెరిగిందో చెప్పగలడు. ఒడ్డున పడవలు వరసగా నిలబడి ఉంటే ఏది ఎవరిదో చెప్పలేడు. ఆ పాళెంలో పసిపిల్లలు కూడా చెప్తారు.

పేరమ్మ కాపురానికి వచ్చినప్పుడు తల్లిలేని తమ్ముణ్ణి కూడా తీసుకొచ్చింది. పేరు పోలేరయ్య. అక్క చేతి కూడు తిని పెరిగి, అక్క మొగుడు చెయ్యలేని పని తాను చేశాడు. సముద్రం మీదికి పోయాడు. ముత్యాలయ్య కూతురు రోజా చిన్నబడిలో ఉండగా ఒక పొద్దున అతని పడవ మాత్రం తిరిగొచ్చింది. వల సగం మడిచి ఉంది, అన్నం క్యారియరు మూత తియ్యలేదు. మనిషి దొరకలేదు. మనిషిని పోగొట్టిన పడవని ఆ పాళెంలో ఉంచరు. ఎక్కడో దూరపు ఊరికి అమ్మేస్తారు. కొన్నవాళ్ళు రంగు మార్చి, పేరు మార్చి వాడుకుంటారు. ఆ పడవ కూడా అట్లాగే పోయింది.

పొట్టు పట్టే పనిని ముత్యాలయ్య బల్ల పొట్ట మూయడంతో మొదలుపెట్టాడు. కాళ్ళ మధ్య నాలుగు వైపులా పలకలు బిగించి, లోపల ఏటవాలు తొట్టి చేశాడు, పొట్టంతా జారి ఒకే మూలకి వచ్చేట్టు. ఆ మూల నించి రొయ్యల గుంటల్లో వాడే లావు గొట్టం పెట్టాడు. మొదట పొడుగు గొట్టమే తెచ్చాడు గాని, పెట్టి చూసి సగానికి కోసేశాడు. గొట్టం పొడుగైతే గాలి నీరసిస్తుంది. గొట్టం రెండో కొస నీలం ప్లాస్టిక్ డ్రమ్ములోకి, పైన, పక్కవాటుగా దూరుతుంది. అట్లా దూరిన గాలి డ్రమ్ము గోడల వెంట గిరగిరా తిరిగి, మోసుకొచ్చిన పొట్టుని కింద వదిలేసి, మూత నడిమి చిల్లులోంచి పంకాలోకి పోతుంది.

పంకా వెనక మొదట పేరమ్మ పాత చీరని సంచిలా కుట్టి కట్టాడు. సంచి ఉబ్బింది, పొట్టు ఆగింది. పని అయిందనుకుని తిరిగి చూస్తే, రేకు చిల్లులోంచి పడ్డ ఎండ కిరణం నిండా సన్నటి మెరుపు తేలుతోంది. డాక్టరు భయపెట్టింది కంటికి కనబడే పొట్టు గురించి కాదు, దీని గురించే. సంచి విప్పేసి, వెనక గోడకి చిల్లు కొట్టి, ఆ గాలిని ఇంటికి పడమటి వైపు బయటికి వదిలాడు.

రొయ్యల కంపెనీలో పనిచేసే రోజాకి ఆదివారం సెలవు. తండ్రి పంకా వేసి, వెలిగించిన ఊదొత్తిని డ్రమ్ము మూత చుట్టూ తిప్పుతుంటే వచ్చి నిలబడింది.

"ఏంది నాయనా, మిషనుకి పూజా? టెంకాయ తెచ్చేదా?"

"పొగ చూడు. యాడ లోపలికి లాక్కుంటే ఆడ సందు ఉన్నట్టు."

"పొగ నా మొహం మీదికి వస్తంది. నాకేమన్నా సందు ఉండాదేమో చూడు."

"నీ నోటికంటే పెద్ద సందు యాడుంది? ముందు దాన్ని మూయమను మీ నాయన్ని" అంది పేరమ్మ లోపలినించి.

దొరికిన సందులన్నీ సైకిలు ట్యూబు ముక్కలతో మూశాడు. పేరమ్మ మంచం పక్క కిటికీలో రోజా చిన్నప్పటి రాతి పలక పెట్టాడు. రోజంతా వేప చెక్క కోసి, సాయంత్రం పలక మీద వేలు రాసి చూసేవాడు. మొదట్లో వేలికి తెల్లగా అంటేది, తర్వాత మసకగా, ఆ తర్వాత ఏమీ అంటలేదు. పేరమ్మ దిండుకి ఆనుకుని కూర్చుని నిద్రపోవడం మానేసి మంచం మీద వెల్లకిలా పడుకుంది. అది చూసి ముత్యాలయ్య షెడ్డులోకి పోయి, అవసరం లేకపోయినా గొట్టం బిగింపు ఇంకో చుట్టు తిప్పి వచ్చాడు.

హజరత్తయ్య లారీ వచ్చింది ఆ తర్వాతే. ఫైబరు పడవలు వచ్చాక మూలపడ్డ చెక్క పడవల్ని కొని, విరగ్గొట్టించి, పలకలు అమ్మే మనిషి అతను.

"మద్రాసు హోటలు వాళ్ళకి బల్లలు కావాలంట ముత్యాలన్నా. పాత పడవ చెక్కే కావాలంట. రంగు మరకలు కూడా అట్టే ఉండాలంట. డబ్బున్నోళ్ళ పిచ్చి."

"ఏ ఊరి పడవలు?"

"ఇరిచినాక ఊరేందన్నా? ఒంగోలు దాకా పోయి ఏరుకొచ్చినా. మేకులన్నీ పీకించినా, నీ రంపం పళ్ళకి నాదే పూచీ."

పలకలు దింపుతుంటే పేరమ్మ గడప దాకా వచ్చింది. నీలం రంగు పెచ్చులూడిన ఒక పలక దగ్గర ఆమె చూపు నిలిచిపోయింది. దగ్గరికి పోలేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

పక్కింటి కామమ్మ చేపల గంప దించుకుని దడి మీదినించి తొంగి చూసింది. "పడవని ఇంటికి తెచ్చుకుంటారంటయ్యా ఎవురన్నా? పడవ ఇసకలో ఉండాల. నేల ముత్యాలుకి ఎవురు చెప్పాల!" అని నవ్వింది.

ఆ పలకల పొట్టు మామూలు పొట్టులా లేదు. నల్లటి ఎరుపు. రంపం కింద ముద్దగా పడుతుంది, ఆరితేనే ఎగురుతుంది. పైపైన రంగు వాసన, లోపలికి పోయేకొద్దీ చేపనూనె, ఉప్పు. అన్నిటి కింద, చెమటతో ఆరిపోయిన మనిషి చొక్కా లాంటి వాసన. పొడుగు పలక రంపానికి ఆనినప్పుడల్లా గొట్టంలో గాలి గొంతు మారేది. మోటారు మీద బరువు పడ్డప్పుడు అట్లా మారుతుందని ముత్యాలయ్యకి తెలుసు. తెలిసినా, ఒకటి రెండుసార్లు రంపం ఆపి, ఎవరైనా పిలిచారేమోనని బయటికి తొంగి చూశాడు. ఇసక మీద ఎవరూ లేరు.

ఒక నీలం పలక కోస్తుంటే మధ్యలో పసుపుపచ్చటి అతుకు బయటపడింది. "వేప పలకలో పనస ముక్క యాడిది?" అని తనలో తను అనుకున్నట్టే పైకి అన్నాడు. పనివాడు కానివాడు వేసిన అతుకు అది. గోరు కాదు, వేలే దూరుతుంది. దాని మధ్యగా కోసుకుంటూ పోయాడు. వెనక్కి తిరిగితే పేరమ్మ గుమ్మంలో ఉంది. కూతురు తెచ్చిచ్చిన మూతిగుడ్డ మెడలో వేలాడుతోంది.

"అది మూతికి కట్టుకోమనే తెచ్చింది" అన్నాడు.

ఆమె లోపలికి గాలి తీసుకుంటోంది, పొయ్యి మీద కూర ఉడికిందో లేదో వాసన పట్టి చూసేదానిలాగా.

ఆ సాయంత్రం రాతి పలక మీద పొట్టు ఉంది.

ముత్యాలయ్య మళ్ళీ ఊదొత్తి పట్టాడు. తొట్టి, గొట్టం, మూత, గోడ చిల్లు. ఎక్కడా పొగ వంగలేదు. మర్నాడు కోయడం తగ్గించాడు, పొట్టు ఎక్కువైంది. మంచం కోడు దగ్గర, నీళ్ళ బిందె మూత మీద, గోడ మీద చెయ్యి ఎత్తున, ఎరుపు. గాలికి పడ్డ పొట్టు పలచగా, సమంగా పరుచుకుంటుంది. ఇది అట్లా లేదు. చిన్న చిన్న కుప్పలుగా, ఒక వరసలో, షెడ్డు తలుపు నించి మంచం దాకా రాలుకుంటూ వచ్చినట్టుంది. గాలి అట్లా నడవదు. నడిచేదేదో అతనికి తోచలేదు.

డ్రమ్ము ఎంత నిండిందో తెలియడానికి పక్కన కోసి, అద్దంలాంటి ప్లాస్టిక్ ముక్క అతికించి ఉంచాడు. పొట్టు ఎక్కడిదాకా ఉందో పెన్సిలుతో గీత గీసి, చేసిన పెట్టెలు రొయ్యల గుంటల దగ్గర దింపి వచ్చి చూస్తే పొట్టు గీత కిందికి దిగి ఉంది. అణిగినందుకు దిగిందేమో, తేమకి దిగిందేమో. మూత తీసి చూశాడు. పొట్టు మధ్యలో నున్నగా ఒక గుంట ఉంది, దిండు మీద తల ఆనించి లేచినట్టు. చెయ్యి చాపి దాన్ని చెరిపెయ్యబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మూత పెట్టి గట్టిగా బిగించాడు.

"అమ్మ మళ్ళా కూసునే నిద్రపోతంది నాయనా" అంది రోజా, పొద్దున కంపెనీ బస్సుకి పోబోతూ. "నీకు వినపడటంలా? లోపల పిల్లిపిల్ల ఉన్నట్టు గుర్రు గుర్రుమంటంది. మిషను అమ్మెయ్యి. నా జీతం చాలు మనకి."

"యాడో సందు ఉండాది. పట్టుకుంటా."

"నువ్వు సందు పట్టుకునేలోపల అమ్మ ఉండద్దా?"

ముత్యాలయ్య మూతకి కొత్త రబ్బరు పట్టీ తెద్దామని మధ్యాహ్నం అల్లూరుకి బండి మీద బయల్దేరాడు. కొలత కోసం పాత పట్టీ ముక్క తీసుకోవడం మర్చిపోయాడని రొయ్యల గుంటల దగ్గర గుర్తొచ్చింది. వెనక్కి తిరిగాడు.

ఎండ తెల్లగా కాస్తోంది. సముద్రపు గాలికి షెడ్డు రేకు ఒకటి మెల్లగా కొట్టుకుంటోంది. లోపల డ్రమ్ము మూత ఊడదీసి ఉంది. నేల మీద, రబ్బరు పాడవకుండా, వెల్లకిలా పెట్టి ఉంది. డ్రమ్ము ముందు పేరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. భుజాల దాకా లోపలికి వంగి ఉంది. బయటికి వీపు మాత్రమే కనబడుతోంది. డ్రమ్ములోనించి ఆమె గొంతు, ఆమెది కానంత లావుగా, వస్తోంది.

"తిన్నావా? తల తుడుసుకున్నావా? తుడుసుకోకపోతే జలుబు చేస్తది..."

చివరి మాటని డ్రమ్ము తిరిగి అంది. ఆమె ఆగి, విని, సరేనన్నట్టు తల ఊపింది.

ముత్యాలయ్య గుమ్మంలోనే ఆగి, "పేరీ" అన్నాడు.

ఆమె తల ఎత్తింది. కనుబొమలు, చెంపలు, పెదాలు అన్నీ నల్లటి ఎరుపు. అందులోంచి కళ్ళు తెల్లగా చూస్తున్నాయి. సిగ్గుపడలేదు, ఉలిక్కిపడలేదు.

"నీకు ఇంకా తెలీలా?" అంది. "చెక్కని అంత చూస్తావు గదా మామా. పడవని చూళ్ళేదా?"

"ఏ పడవ?"

"మొన్న నువ్వు కోసిన పచ్చ ముక్క. పనస చెక్క. అది నా పీట. లంగరు తగిలి పడవకి చిల్లు పడిందని పోలేరు గాడు వంటింట్లోకొచ్చి, నేను కూసునుంటే లేపి మరీ పీట ఎత్తుకపోయినాడు. తిట్టినా ఆ రోజు. తిట్టినా గదా, నువ్వూ ఉండావు."

ముత్యాలయ్యకి గుర్తొచ్చింది. తనే చేసిచ్చిన పీట అది. తన చేతి చెక్కని తన రంపం మీదే కోసి, అతుకు బాగాలేదని మాత్రమే అనుకున్నాడు.

"నాకు చెప్పలేదే?"

"చెప్తే కొయ్యడం ఆపేస్తావు."

"ఆపి, ఆ పలక నీకే ఇచ్చేవాణ్ణి గదే."

"పలక వాసన చూసినా. కొన్న ఊరోళ్ళు పూసిన రంగు వాసనే. కోస్తేనే వాడి వాసన వస్తంది." రెండు చేతులూ పొట్టులో ముంచి అలాగే ఉంచింది. "వాడుండగా ఆ పడవని నన్ను ముట్టనిచ్చినారా? ఆడది ముట్టగూడదంటిరి. పడవ ముందు కొసకి, ఆ అణియానికి, పసుపు నూరిచ్చేది నేను, పూసేది మగోళ్ళు. దిబ్బ మీద నిలబడి చూసేదే నా వంతు. ఇప్పుడిది పడవ కాదు గదా. పొట్టు. పొట్టుని ముట్టుకుంటే ఎవురేమంటారు?"

ఇంకేదో అనబోయింది. దగ్గు పట్టుకుంది. డ్రమ్ము అంచు పట్టుకుని వంగిపోయింది. ముత్యాలయ్య లేపి, లోపలికి తీసుకుపోయి, డాక్టరిచ్చిన మందు పీల్పించాడు. ఊపిరి కుదురుకునేసరికి నీడలు గోడెక్కాయి.

"దాన్ని సముద్రంలో కలిపేద్దాం" అన్నాడు మెల్లగా. "చెయ్యాల్సింది చేసినట్టుంటది."

"మళ్ళా దానికేనా? ఒకసారి ఇచ్చింది చాలదా?"

"పూడ్చేద్దాం పోనీ."

"ఇసకలో ఏది నిలిచింది?"

అతను ఆలోచించింది పనివాడిగా. పొట్టు ఆమె దగ్గర ఉండాలి, కాని ఎగరకూడదు. చెక్కలో పగులు పడితే పొట్టుని జిగురుతో కలిపి పూడ్చడం ఎన్నిసార్లు చెయ్యలేదు? ఫైబరు పడవలకి పూసే జిగురు తెచ్చాడు. పీటంత అచ్చు చేసి, లోపల మైనం రాసి, డ్రమ్ములోని ఎర్ర పొట్టంతా జిగురులో కలిపి పోశాడు. అది వేడెక్కి, పొగలు కక్కి, చల్లబడి రాయి అయింది. అచ్చు విప్పితే గాజులా నున్నగా ఉంది, లోపల అక్కడక్కడ పచ్చటి చుక్కలు. గోరు ఎక్కడా పట్టలేదు. మిగిలిన పలకల్ని బల్లలు చేసి హజరత్తయ్యకి అప్పగించి, డ్రమ్ముని బయట బోరు కింద కడిగి ఎండబెట్టాడు.

పేరమ్మ ఆ పలకని ఒళ్ళో పెట్టుకుని, ముక్కు ఆనించి చాలాసేపు ఉంది.

"వాసన లేదు" అంది.

"ఉండదు. ఇంక ఎగరదు."

"ఇది వాడు కాదు మామా" అంది. అయినా తిరిగి ఇవ్వలేదు. మంచం కింద, తలవైపు పెట్టుకుంది.

తర్వాత వేప చెక్క, తుమ్మ చెక్క మాత్రమే కోశాడు. కిటికీలో రాతి పలక మీద రాసిన వేలు శుభ్రంగా వచ్చింది. రోజా మిషను అమ్మే మాట ఎత్తడం మానేసి, తల్లి దగ్గు తగ్గిందని కంపెనీలో మిఠాయి కూడా పంచింది. ముత్యాలయ్య తన గొట్టాల వైపు, తొట్టి వైపు చూసుకుని, హెన్రీ మేస్త్రి ఉంటే ఏ అతుకూ ఊడదీసేవాడు కాదనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం రంపం పళ్ళు మొద్దుబారితే మార్చడానికి మోటారు ఆపాడు. పంకా కూడా ఆపాడు. అది తిరిగి తిరిగి, సన్నబడి, నిలిచిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఇంట్లోనించి ఒక చప్పుడు వినిపించింది. పొడిగా, ఒకే తీరున, ముందుకీ వెనక్కీ.

ఎలుక అనుకోవడానికి లేదు. రోజూ తన చేతుల్లోంచి వచ్చే చప్పుడే అది. చెక్కని నున్న చెయ్యడానికి రాసే ఉప్పు కాగితం. అందులోనూ అన్నిటికంటే గరుకు రకం, కొత్తది. చెక్క మీద రాస్తే చప్పుడు మెత్తగా ఉంటుంది. ఇది మెత్తగా లేదు. రాయిలాంటి దాని మీద, తొందరపడకుండా, చెయ్యి తిరిగినవాళ్ళు రాసినట్టు రాస్తున్నారు. గట్టిపడ్డ జిగురు పొడి చెక్క పొట్టుకంటే చెడ్డదని అతనికి తెలుసు.

విప్పిన రంపం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

చప్పుడు ఆగింది. లోపల ఎవరో ముక్కుతో పొడుగ్గా గాలి పీల్చారు. చాలాసేపు వదల్లేదు. వదిలాక, మళ్ళీ రాయడం మొదలైంది.